300 మెగాబిట్ల ప్లాను, కంప్యూటర్‌లో మాత్రం 11 దాటడం లేదు

మాగుంట_మేడ
300 ఎంబీపీఎస్ (సెకనుకు 300 మెగాబిట్లు) ప్లానుకు డబ్బు కడుతున్నాను. పై అంతస్తులో ఉన్న కంప్యూటర్‌లో ఏది దించుకున్నా వేగం 11.2 ఎంబీ దగ్గర గీత గీసినట్టు ఆగిపోతోంది. పగలైనా, అర్ధరాత్రైనా అదే అంకె. కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోను చేస్తే "మా వైపు అంతా బాగుంది, మీరు ఎనిమిదితో భాగించుకోవాలి సార్" అని పెట్టేశారు. 300ను ఎనిమిదితో భాగిస్తే 37.5 రావాలి కదా, 11 ఎలా వస్తుంది? మిగతా 26 ఎక్కడికి పోతోంది? నెల్లూరులో ఇంకెవరికైనా ఇలాగే ఉందా? కనెక్షన్ మార్చేయమంటారా?

పెన్నాతీరం
మార్చేయండి. అసలు వాళ్లు బిట్లలో రాయడమే మనకు పెద్ద అంకె కనిపించాలని. బైట్లలో రాస్తే 37 అని రాయాలి. 37 చూసి ఎవరు కొంటారు?

కావలి_విద్యార్థి
ఎనిమిది ఎందుకు వచ్చిందో తెలియని వారి కోసం: ఒక బైటుకు ఎనిమిది బిట్లు. ప్లానులో రాసేది బిట్లు, ఫైలు దించేటప్పుడు కనిపించేది బైట్లు. 100 మెగాబిట్లంటే 12.5 మెగాబైట్లు. కానీ మేడ గారి సంగతి దీనితో తేలదు. 37కూ 11కూ మధ్య చాలా దూరం ఉంది.

లెక్కల_మాస్టారు
ముందుగా ఒక మనవి. ఇక్కడ ఎవరూ ఉత్త "ఎంబీ" అని రాయవద్దు. ఇంగ్లీషులో చిన్న బీ బిట్టుకు, పెద్ద బీ బైటుకు గుర్తు. మన లిపిలో ఆ తేడా కనిపించదు కాబట్టి ఎనిమిది రెట్ల తేడా ఒక్క అక్షరంలో కలిసిపోతుంది. మెగాబిట్టో మెగాబైటో పూర్తిగా రాయండి.

మేడ గారూ, ఆ 11.2 మీకు ఎక్కడ కనిపిస్తోంది? వేగం కొలిచే సైటులోనా, విండోస్‌లోనా?

మాగుంట_మేడ
విండోస్‌లో. దించుకునే ప్రోగ్రాములోనూ అంతే, ఫైలు కాపీ చేసేటప్పుడు వచ్చే చిన్న పెట్టెలోనూ అంతే. కింద హాల్లో రౌటరుకు ఒక హార్డ్ డిస్కు తగిలించి ఉంది, దానిలోంచి పాత ఫోటోలు కాపీ చేసినా 11.2 మెగాబైట్లే.

తీగల_పని
ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం. మీ హాల్లోని డిస్కు నుంచి మీ మేడ మీది కంప్యూటర్‌కు ఫైలు రావడానికి ఇంటర్నెట్‌తో పని లేదు. కనెక్షన్ తీసేసినా ఆ కాపీ నడుస్తుంది. అక్కడ కూడా అదే అంకె వస్తోందంటే బయటి లైను మీద కోపం కాసేపు పక్కన పెట్టండి. కంప్యూటర్‌కు కేబులా, వైఫైనా?

మాగుంట_మేడ
కేబులే. ఇల్లు కట్టినప్పుడే గోడలో పైపు వేసి లాగించాం.

లెక్కల_మాస్టారు
ఇప్పుడు లెక్క చూద్దాం. విండోస్ మెగాబైటు అని చూపేది 10 లక్షల బైట్లు కాదు. 1024ను 1024తో గుణించినది, అంటే 10,48,576 బైట్లు. నెట్‌వర్క్ వేగాల్లో మెగా అంటే మాత్రం సరిగ్గా 10 లక్షలు. అందుకని 11.2ను ముందు 1.048576తో గుణించాలి. 11.74 వస్తుంది. ఆ తరువాత ఎనిమిదితో గుణిస్తే 93.95. అంటే మీ తీగలో సెకనుకు దాదాపు 94 మెగాబిట్ల సరుకు వస్తోంది.

ఈ 94 ఊరికే వచ్చే అంకె కాదు. 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ తీగ పూర్తిగా నిండి నడిస్తే ఫైలు రూపంలో చేతికి అందేది అంతే. ఫైలు చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి వెళుతుంది. ఒక ప్యాకెట్టు 1500 బైట్లు. అందులో 40 బైట్లు చిరునామాలకు, వరుస సంఖ్యలకు పోతాయి, మిగిలేవి 1460. తీగ మీద ప్రతి ప్యాకెట్టుకు ముందూ వెనుకా ఉండే గుర్తులు, ఖాళీ కలిపి ఇంకో 38 బైట్ల చోటు ఖర్చవుతుంది. 1538 బైట్ల దారి వాడుకుంటే మనకు 1460 దక్కుతాయి, నూటికి 94.9 అన్నమాట. కాలముద్ర లాంటి అదనపు వివరాలు కూడా చేరితే 94కు దిగుతుంది.

కాబట్టి మీకు 300లో ముక్క తగ్గి రావడం లేదు. ఎక్కడో ఒకచోట దారే 100 అయిపోయింది. అక్కడి నుంచి మాత్రం అది నిండుగానే నడుస్తోంది.

కావలి_విద్యార్థి
మాస్టారూ, అద్భుతం. ఎనిమిదితో మాత్రమే గుణించి ఉంటే 89.6 వచ్చేది, ఏమీ అర్థమయ్యేది కాదు.

లెక్కల_మాస్టారు
అదే నేను చెప్పదలచింది. 89.6 చూస్తే "ఏదో తక్కువగా వస్తోంది" అని వదిలేస్తాం. 94 చూస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

తీగల_పని
నేను ఒంగోలు, చీమకుర్తి వైపు ఆఫీసులకు కేబుల్ పని చేస్తాను. ఇంత లెక్క వేయను. 10తో భాగిస్తాను. 300 ప్లాను అయితే 30 మెగాబైట్లు వస్తే చాలు, ఖర్చులన్నీ అందులో కలిసిపోతాయి. కస్టమర్‌కు నోటితో చెప్పడానికి అదే తేలిక.

మేడ గారూ, రెండు పనులు చేయండి. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, ఈథర్‌నెట్ తెరిస్తే లింకు వేగం అని ఉంటుంది. 1000/1000 ఉండాలి. 100/100 ఉంటే దొంగ దొరికినట్టే. రెండోది, ఫోను పట్టుకుని రౌటరు పక్కన నిలబడి వేగం కొలవండి.

లెక్కల_మాస్టారు
10తో భాగించడం నాకు నచ్చదు తీగల_పని గారూ. ఉజ్జాయింపుకు సరే. కానీ 33 రావలసిన చోట 30 వచ్చినా "బాగానే ఉంది" అనిపిస్తుంది, చిన్న లోపాలన్నీ దాని కింద దాక్కుంటాయి.

పాత_ఎక్స్ఛేంజి
10తో భాగించడం పూర్తిగా తప్పు లెక్కేమీ కాదు మాస్టారూ. పాత కంప్యూటర్లలో బిట్లను ఒకదాని వెనుక ఒకటి పంపే సీరియల్ పోర్టులో అది అక్షరాలా నిజం. ఎనిమిది బిట్లకు ముందు ఒక ఆరంభ బిట్టు, వెనుక ఒక ముగింపు బిట్టు, మొత్తం 10. అందుకే 9600 వేగంలో సెకనుకు 960 అక్షరాలు వెళ్లేవి. ఈథర్‌నెట్‌కు ఆ లెక్క వర్తించదు, అంతే.

పెన్నాతీరం గారి మాటకు కూడా జవాబు చెప్పాలి. బిట్లలో చెప్పడం ఈ కంపెనీలు కనిపెట్టిన ఎత్తు కాదు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని చేసినవాడిని. మనిషి గొంతును సెకనుకు 8000 సార్లు కొలుస్తాం, ప్రతి కొలతకు 8 బిట్లు. అంటే ఒక కాల్‌కు 64,000 బిట్లు. ఒక కాల్‌కు కేటాయించే ఆ చోటును గది అనుకోండి. అలాంటివి 32 గదులు కలిపితే ఈ1 అనే టెలిఫోన్ లైను, 2.048 మెగాబిట్లు. అందులో 30 గదులు మాటలకు, ఒకటి వరస తప్పకుండా చూసుకోవడానికి, ఒకటి కాల్ వివరాలకు. ఇంటర్నెట్ ఇళ్లలోకి రాక ముందు నుంచే లైను వేగం బిట్లలోనే. తీగకు బైటు తెలియదు. తీగ మీద గడియారం టిక్కుమన్నప్పుడల్లా బిట్లు వెళతాయి, ఆ గడియారం వేలల్లో, లక్షల్లో టిక్కుమంటుంది కాబట్టి కిలో అంటే 1000. పైగా పూర్వం అన్ని యంత్రాల్లోనూ బైటుకు 8 బిట్లు ఉండేవి కావు, 6 ఉన్నవీ ఉండేవి. బిట్టు మాత్రం ఎక్కడైనా బిట్టే.

కావలి_విద్యార్థి
2048 అంటే 2 సార్లు 1024 కదండీ? మరి అక్కడ కిలో 1024 అయినట్టే కదా?

పాత_ఎక్స్ఛేంజి
ఇక్కడే చాలామంది పడిపోతారు బాబూ. 2048 వచ్చింది 32ను 64తో గుణించడం వల్ల. ఆ 64 వెనుక ఉన్న కిలో 1000. లైను మీద వెళ్లేది సెకనుకు 20,48,000 బిట్లు. 20,97,152 కాదు.

పెన్నాతీరం
చరిత్ర బాగుంది, గౌరవం ఉంది. అయినా నా మాట నాదే. ఎక్స్ఛేంజిలో పని చేసేవారికి బిట్లు చాలు, ఇంట్లో ఫైలు దించుకునే మనిషికి బైట్లు కావాలి. ఒకే కాగితం మీద వేగం బిట్లలో, నెల పరిమితి బైట్లలో రాస్తున్నారు. 300 మెగాబిట్ల వేగం, నెలకు 3300 గిగాబైట్ల పరిమితి అని రాస్తే ఆ రెండింటినీ మామూలు మనిషి ఎలా కలుపుకుంటాడు?

కావలి_విద్యార్థి
నేను కలిపాను. 300 మెగాబిట్లంటే సెకనుకు 37.5 మెగాబైట్లు. 3300 గిగాబైట్లకు 88,000 సెకన్లు. ఆపకుండా దించితే రోజు దాటి అరగంటలో పరిమితి అయిపోతుంది.

పెన్నాతీరం
చూశారా! నెలంతా వాడుకోవలసినది ఒక్క రోజులో. ఈ లెక్క వాళ్లే కాగితం మీద వేయాలి.

ఉదయగిరి_దుర్గం
ఫోన్ సిమ్ములదీ అదే కథ. రోజుకు 1.5 గిగాబైట్లు ఇస్తారు. 40 మెగాబిట్ల వేగం తగిలితే అది 5 నిమిషాల సరుకు. తరువాత 64 కిలోబిట్లకు దించుతారు, అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఒక మామూలు ఫోటో తెరుచుకోవడానికి నిమిషాలు పడుతుంది.

పాత_ఎక్స్ఛేంజి
64 కిలోబిట్లంటే సరిగ్గా ఒక టెలిఫోన్ కాల్ గది. 2004లో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ప్రభుత్వం పెట్టిన కనీస వేగం 256 కిలోబిట్లు, అంటే అలాంటివి నాలుగు. 2013లో 512 చేశారు, 2023లో 2 మెగాబిట్లు చేశారు. నిర్వచనాలన్నీ బిట్లలోనే ఉన్నాయి పెన్నాతీరం గారూ. వాటి పక్కన బైట్లు కూడా రాయమంటే నేనూ సంతకం పెడతాను. బిట్లు తీసేయమంటే పెట్టను.

మాగుంట_మేడ
చూశాను. లింకు వేగం 100/100 అని ఉంది. ఫోనుతో రౌటరు పక్కన కొలిస్తే 270 మెగాబిట్లు దాటింది.

తీగల_పని
దొరికింది. బయటి లైను బంగారంలా ఉంది. తేడా మీ గోడలోనే.

సంగతి ఇది. నెట్‌వర్క్ కేబులులో 8 తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలుగా మెలితిప్పి ఉంటాయి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. 1000 కావాలంటే నాలుగు జతలూ కావాలి. రెండు చివర్లా ఉన్న పరికరాలు ముందు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. 1000తో కుదరకపోతే 100కు దిగిపోయి పని కానిస్తాయి. ఏ హెచ్చరికా రాదు. లైటు వెలుగుతుంది, నెట్ వస్తుంది. అందుకే ఎవరూ కనిపెట్టరు.

రెండు చివర్లా గోడ సాకెట్లు విప్పి, లోపల ఎన్ని తీగలు బిగించారో చూడండి. తీగల రంగులు ఫోటో తీసి పెట్టండి.

ఒంగోలు_కెమెరా
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. పెళ్లి వీడియోలు తీస్తాను. ఒక పెళ్లికి 120 గిగాబైట్లు అవుతుంది, చెన్నైలో ఎడిటర్‌కు పంపాలి. నాకు పైకి పంపే వేగం 40 మెగాబిట్లు. లెక్క వేస్తే 6 గంటల 40 నిమిషాలు అని వస్తోంది. నిజంగా పంపితే ఏడున్నర దాటుతోంది. ఇదీ కేబుల్ లోపమేనా?

లెక్కల_మాస్టారు
కాదు, మీ కేబుల్ బాగానే ఉంది. ఆ 120 విండోస్ చూపినదేనా? అయితే అది 120ని 1024తో మూడు సార్లు గుణించినది. నెట్‌వర్క్ లెక్కలో 128.8 గిగాబైట్లు. దాన్ని 40 మెగాబిట్ల దారిలో పంపితే 7 గంటల 9 నిమిషాలు. ఆ దారిలో నూటికి ఆరు ప్యాకెట్ల ఖర్చుకే పోతుంది కాబట్టి 7 గంటల 37 నిమిషాలు. మీరు చూస్తున్నది అదే.

కిలో దగ్గర 1000కీ 1024కీ తేడా నూటికి 2.4. మెగా దగ్గర 4.9, గిగా దగ్గర 7.4, టెరాకు వచ్చేసరికి 10. పైకి పోయే కొద్దీ తేడా పెరుగుతుంది. 2 టెరాబైట్ల డిస్కు కొంటే విండోస్ 1.81 చూపడం కూడా ఇందుకే. ఈ గందరగోళం తీర్చడానికే 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1024 లెక్కకు కిబి, మెబి, గిబి అని వేరే పేర్లు పెట్టింది. లినక్స్‌లో చాలా చోట్ల కనిపిస్తాయి. విండోస్ ఇప్పటికీ పాత పేర్లతోనే 1024 లెక్క చూపిస్తుంది.

కావలి_విద్యార్థి
పరీక్షలో ఏది రాయాలి మాస్టారూ? మా స్నేహితులందరూ గిగాబిట్టంటే 1024 మెగాబిట్లనే రాస్తున్నారు.

లెక్కల_మాస్టారు
వేగానికి 1000. మెమరీకి 1024. ప్రశ్నలోనే వేరే చెబితే అది రాయి. ఒకే ప్రశ్నలో ఫైలు పరిమాణం 1024 లెక్కలోనూ, లింకు వేగం 1000 లెక్కలోనూ ఇస్తారు, అక్కడ తొందరపడి రెండు వైపులా కొట్టేయకు.

ఉదయగిరి_దుర్గం
కెమెరా గారూ, హార్డ్ డిస్కును రాత్రి చెన్నై బస్సులో పార్శిల్ వేయండి. ఒంగోలు నుంచి 6 గంటలు. 2 టెరాబైట్లు అంటే 16 లక్షల కోట్ల బిట్లు. 21,600 సెకన్లతో భాగించండి. సెకనుకు 740 మెగాబిట్లు! దారిలో భోజనానికి ఎక్కువసేపు ఆపకపోతే ఏ ప్లానూ మన బస్సుకు సాటి రాదు.

ఒంగోలు_కెమెరా
ఆహా, ఇకపై బస్సు స్టాండులో నిలబడి వేగం కొలుస్తాను.

తీగల_పని
డిస్కులోకి ఎక్కించడానికీ, అక్కడ దించడానికీ పట్టే సమయం వదిలేశారు దుర్గం గారూ. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున రాసినా 2 టెరాబైట్లకు 20,000 సెకన్లు. రెండు వైపులా కలిపితే 40,000. బస్సుతో కలిపి 61,600 సెకన్లు. మీ 740 కాస్తా 260 అయింది.

ఉదయగిరి_దుర్గం
260 అయినా 40 కన్నా మేలే కదా. బస్సు జిందాబాద్.

మాగుంట_మేడ
సాకెట్లు విప్పాను. మేడ మీద కంప్యూటర్ సాకెట్టులో నాలుగు తీగలే ఉన్నాయి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ. నీలం జత, గోధుమ జత అదే పెట్టెలో పక్కకు వంచి, టీవీ వెనుక ఉన్న రెండో సాకెట్టుకు కలిపారు. కింద కూడా అంతే, ఒకే కేబుల్ నుంచి రెండు ప్లగ్గులు తీసి రౌటరులో రెండు రంధ్రాల్లో పెట్టారు. వైరింగ్ చేసినవారు ఒక కేబుల్ ఖర్చు మిగిల్చి రెండు కనెక్షన్లు ఇచ్చారన్నమాట.

తీగల_పని
ఊహించాను. పాత రోజుల్లో చాలా ఇళ్లలో ఇలాగే చేసేవారు. ప్లాన్లు 10, 20 మెగాబిట్లు ఉన్నప్పుడు ఎవరికీ తెలిసేది కాదు.

గోడ పగలగొట్టనక్కర లేదు. 8 తీగలనూ రెండు చివర్లా ఒకే సాకెట్టుకు, ఒకే రంగుల వరుసలో బిగించండి. మేడ మీద ఒక చిన్న గిగాబిట్ స్విచ్ (ఒక కేబులును పలు పరికరాలకు పంచే పెట్టె) పెట్టి, దాని నుంచి ఒకటి కంప్యూటర్‌కు, ఒకటి టీవీకి ఇవ్వండి. కొనేటప్పుడు డబ్బా మీద 10/100/1000 అని ఉందో లేదో చూడండి. 10/100 మాత్రమే ఉన్నది తెస్తే మళ్లీ 11.2 దగ్గరికే వస్తారు. కేబుల్ మీద క్యాట్ 5ఈ అని అచ్చు ఉంటే చాలు, గిగాబిట్టుకు సరిపోతుంది.

రొయ్యల_రాజు
ఇందుకూరుపేట వైపు మాకు వనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. గట్టు మీద నాలుగు కెమెరాలు పెట్టించాను, ఏరేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాల) మోటార్లకు కాపలా. షెడ్డులో సిమ్ము వేసిన రౌటరు ఉంది. ఒక్కో కెమెరా 4 మెగాబిట్లు అని రాసి ఉంది. రోజూ డేటా మధ్యాహ్నానికే అయిపోతోంది. 4 అంటే చిన్నదే కదా?

కావలి_విద్యార్థి
చిన్నది కాదండీ. 4 మెగాబిట్లంటే సెకనుకు అర మెగాబైటు. రోజుకు 86,400 సెకన్లు. ఒక్క కెమెరాకు రోజుకు 43.2 గిగాబైట్లు. నాలుగింటికి 172.8.

రొయ్యల_రాజు
అమ్మో! పట్టుబడి రోజున కూడా అంత సరుకు లెక్క చూసి ఉండను.

తీగల_పని
రాజు గారూ, నిండు వేగపు వీడియోను సిమ్ములోంచి పంపవద్దు. షెడ్డులోనే రికార్డరు పెట్టి హార్డ్ డిస్కులో దాచండి. కెమెరా నుంచి రికార్డరుకు వెళ్లేదానికి సిమ్ము డేటా ఖర్చు కాదు. ఫోనులో చూసేటప్పుడు సబ్‌స్ట్రీమ్ (అదే కెమెరా పంపే తక్కువ స్పష్టత వీడియో) ఎంచుకోండి, 512 కిలోబిట్లు పెట్టండి. అది గంటకు 230 మెగాబైట్లే. మోటారు ఉందా లేదా తెలియడానికి ఆ బొమ్మ చాలు. దొంగ ముఖం కావాలంటే డిస్కులో ఉంటుంది.

పెన్నాతీరం
ఇదిగో, రాజు గారి విషయమే నా వాదనకు సాక్ష్యం. కెమెరా డబ్బా మీద 4 మెగాబిట్లు అని కాక "రోజుకు 43 గిగాబైట్లు" అని రాసి ఉంటే ఆయన సిమ్ము డేటా ఇన్నాళ్లు వృథా అయ్యేది కాదు.

పాత_ఎక్స్ఛేంజి
ఈ ఒక్కదానిలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కొనేవాడికి రోజు లెక్కే కావాలి.

మాగుంట_మేడ
తీగలన్నీ మళ్లీ బిగించి, స్విచ్ పెట్టాం. లింకు 1000/1000 చూపిస్తోంది. దించే వేగం ఇప్పుడు 33.6 మెగాబైట్లు. మాస్టారూ, 37.5కు ఇంకా తక్కువే ఉంది. ఇదీ లోపమేనా?

లెక్కల_మాస్టారు
33.6ను 1.048576తో, తరువాత 8తో గుణించండి. 281.9 మెగాబిట్లు. 300లో నూటికి 94. మీ ప్లాను మీకు పూర్తిగా అందుతోంది. ఇక కనెక్షన్ మార్చవలసిన పని లేదు.

తీగల_పని
హాల్లోని డిస్కు నుంచి కాపీ చేసి చూడండి, అది 300 మెగాబిట్ల దగ్గర కూడా ఆగదు.

మాగుంట_మేడ
చూశాను, 80 మెగాబైట్లు దాటుతోంది! ఫోటోలన్నీ పైకి చేరిపోయాయి. మాస్టారికీ, తీగల_పని గారికీ చాలా రుణపడ్డాను. మాగుంట లేఅవుట్ వైపు వస్తే భోజనానికి తప్పకుండా రావాలి.

రొయ్యల_రాజు
నాకు ఒక్కటి చెప్పండి. నాలుగు కెమెరాలు, నెల రోజుల రికార్డింగ్ నిలవాలి. 2 టెరాబైట్ల డిస్కు చాలుతుందా?

కావలి_విద్యార్థి
చాలదు. రోజుకు 172.8 గిగాబైట్లు కాబట్టి 2 టెరాబైట్లు 11 రోజులకే నిండుతాయి. 30 రోజులకు 5,184 గిగాబైట్లు కావాలి. 6 టెరాబైట్లది తీసుకోండి.

తీగల_పని
కెమెరా రికార్డింగ్ కోసం తయారైన డిస్కే అడిగి తీసుకోండి రాజు గారూ, అది రాత్రీ పగలూ ఆగకుండా రాయడానికి పనికొస్తుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెడదామంటే చెరువుల దగ్గర కుదరదు, ఏరేటర్ల నీళ్లు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. 6 టెరాబైట్లదే ఖాయం చేసుకోండి.